నిజమైన తగాదాలకు మినహాయింపు

ర్యాప్ అనేది ఒకటి ఉందన్న సంగతి ప్రభుత్వానికి విదేశంలో తెలిసింది.

మురుగునీటి పారుదల మీద అధ్యయనానికి వెళ్ళిన ప్రతినిధి బృందం ఒకటి అక్కడి కాలువలు చూసి చూసి అలిసిపోయి, సాయంత్రం పూట ఒక వంతెన కింద ఆగింది. అక్కడ కుర్రకారు గుండ్రంగా నిలబడి ఒకరినొకరు ప్రాసలతో ఏకిపారేస్తున్నారు. బృందానికి నాయకుడైన పెద్దాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చుట్టూ చేరిన జనం చేతులెత్తి అరవడం మాత్రం తెగ నచ్చింది. అంత ఊపు ఆయన తన సభల్లో కూడా చూడలేదు, అదీ బిర్యానీ పొట్లాలు పంచకుండా. "ఇది మన దగ్గర ఎందుకు లేదు?" అని అడిగారు. పక్కనున్న అధికారి, "త్వరలో ఉంటుంది సార్" అని హామీ ఇచ్చాడు.

నిజానికి అప్పటికే ఉంది. పెద్దాయన కారు రోజూ దూసుకుపోయే ఫ్లైఓవర్ కిందే ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం మూడో పిల్లర్ దగ్గర పదిమంది పోగయ్యేవారు. లింగం అనే పొడుగాటి మనిషి ఖాళీ నీళ్ళ డబ్బాను బోర్లించి దరువు అందుకునేవాడు. ఇద్దరు మధ్యలోకి వచ్చి ఒకరినొకరు తిట్టుకునేవారు. ఆ తిట్టుకు పద్ధతి ఉంది. అది అప్పటికప్పుడు పుట్టాలి, ప్రాస కుదరాలి, అందులో నిజం ఉండాలి. ఇంటి దగ్గర రాసుకొచ్చి అప్పజెబుతున్నారని తేలితే మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళు "సద్ది! సద్ది!" అని గోల పెట్టేవారు. నిన్నటి అన్నం ఇవాళ వడ్డించినవాడు ఆ వారానికి ఇక నోరెత్తకూడదు. హెడ్ కానిస్టేబుల్ గట్టయ్య పక్కనే పాన్ డబ్బా దగ్గర నిలబడి కాసేపు విని, ముచ్చట తీరాక విజిల్ ఊది అందరినీ తరిమేవాడు.

ఆ గుంపులో రేణుకను 'కారంపొడి' అని పిలిచేవారు. వారమంతా ఆమె ఒక స్కానింగ్ సెంటర్ కౌంటర్లో కూర్చుని, "కొంచెం కూర్చోండి సార్, డాక్టరు గారు వస్తున్నారు" అని మెత్తగా చెబుతుంది. అలా మింగిన మాటలన్నీ ఆదివారం నాడు కక్కుతుంది. ఆమెకు ఎప్పుడూ ఎదురు నిలబడేవాడు ఫయాజ్. కిటికీలకు గ్రిల్స్ వెల్డింగ్ చేస్తాడు. వాళ్ళిద్దరూ విడిగా మాట్లాడుకున్నది తక్కువ. చెప్పుకోవలసినవన్నీ పిల్లర్ కిందే చెప్పుకునేవారు. రేణుక నాన్న పోయిన కొద్ది రోజులకు ఆమె అక్కడికి వస్తే అందరూ జాలిగా పక్కకు తప్పుకున్నారు. ఫయాజ్ ఒక్కడే ఆమెను మధ్యలోకి పిలిచి ఊపిరి తీసుకోకుండా తిట్టాడు. ముఖం కడుక్కోలేదని తిట్టాడు, తల దువ్వుకోలేదని తిట్టాడు, మీ నాయన ఉంటే ఈ ముఖం చూసి ఏమనేవాడని తిట్టాడు. ఆమె ఏడుస్తూనే తిరిగి తిట్టింది. ఇంటికెళ్ళి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది. అందుకే ఆ నాలుగడుగుల జాగా అంటే ఆమెకు ప్రాణం.

వెతికి వెతికి ఆ జాగాలోకి ఒక ఆదివారం ప్రభుత్వం వచ్చింది. ముందు ఫ్లెక్సీ వచ్చింది, తర్వాత మైకు వచ్చింది, చివర్న నగర హిప్ హాప్ అభివృద్ధి ప్రాధికార సంస్థ సంచాలకులు శ్రీ సదాశివం గారు వచ్చారు. ఆయన అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. చెరువుల్లో చేపపిల్లలు వదిలిన అనుభవం యువతను వృద్ధి చేయడానికి పనికొస్తుందని పైవాళ్ళు భావించారు.

"ప్రియమైన యువ కళాకారులారా!" అన్నారు సదాశివం గారు. "మీ కళను ప్రభుత్వం గుర్తించింది."

లింగం రేణుక వైపు వంగి, "గుర్తించింది అంటే ఏందక్కా? కేసా?" అని గుసగుసలాడాడు.

"ఇన్నాళ్ళూ మీ కళ అనాథగా, అస్తవ్యస్తంగా, నిబంధనలు లేకుండా పెరిగింది. ఇకపై ఆ దుస్థితి ఉండదు" అని ఆయన అభయమిచ్చి, నిబంధనలు చదివారు. బహిరంగ స్థలంలో, వినోదార్థం, ఇద్దరు లేక అంతకు మించిన వ్యక్తులు లయబద్ధంగా పరస్పరం దూషించుకొనుట హిప్ హాప్ అనబడును. గుర్తింపు కార్డు లేనివారు సదరు దూషణకు పాల్పడరాదు. ఆశువుగా చెప్పదలచిన కవిత్వం ప్రతిని తగినంత ముందుగా కార్యాలయానికి సమర్పించి ఆమోదం పొందవలెను. దూషింపబడు వ్యక్తి, తాను ఏ విషయమై దూషింపబడనున్నాడో తెలుసుకుని, తనకు అభ్యంతరం లేదని లిఖితపూర్వకంగా తెలుపవలెను.

రేణుక చేయి ఎత్తింది. "సార్, అప్పటికప్పుడు చెప్పేదాన్ని ముందుగాల ఎట్ల ఇస్తం సార్?"

"మంచి ప్రశ్న" అన్నారు సదాశివం గారు. "అప్పటికప్పుడు ఏమి చెప్పబోతున్నారో మీకే తెలియకపోతే, దానికి బాధ్యత ఎవరు వహిస్తారమ్మా? ముందుగా ఇవ్వండి. మేము ఆమోదిస్తాం. అటు తర్వాత ఎంత ఆశువుగా కావాలంటే అంత ఆశువుగా చెప్పుకోండి. ప్రభుత్వం అడ్డు రాదు."

వెనక నుంచి ఫయాజ్ అడిగాడు. "సార్, వినోదం కోసం కాకుంట, ఇద్దరు నిజంగనే కొట్లాడుకుంటే? దానికి గూడ కార్డు గావాల్నా?"

సదాశివం గారి ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న ఎవరూ అడగరేమోనని ఆయన బెంగపడుతున్నట్టుంది. "చివరి నిబంధన చూడండి. నిజమైన తగాదాలకు మినహాయింపు. అవి పోలీసు శాఖ వారి పరిధి. మేము ఇతర శాఖల పరిధిలోకి చొరబడం. మత్స్యశాఖలో ఉన్నప్పుడు కూడా నేను కొంగల జోలికి వెళ్ళలేదు. చేపలు మావి, కొంగలు అటవీశాఖ వారివి."

ఆ వారమే పిల్లర్ మీది బొమ్మలకు సున్నం పడింది. కాలనీ పిల్లలూ పెద్దలూ ఏళ్ళ తరబడి వేసిన రంగురంగుల ముఖాలు, పావురాలు, ఆటోలు అన్నీ తెల్లబడిపోయాయి. ఆ తెల్లదనం మీద ఎర్ర రంగుతో, 'ఇచ్చట స్వేచ్ఛాయుత గోడ చిత్రం వేయబడును' అని రాశారు. ఆ చిత్రానికి టెండర్లు పిలుస్తున్నారట.

కార్డు తీసుకోవాలా వద్దా అని గుంపులో రభస జరిగింది. రేణుక తీసుకుందామంది. "ఒక్కలకన్న కార్డుంటె జాగ మన చేతులుంటది. లేకుంటె గట్టయ్య సార్ విజిల్ గాదు, లాఠీ తీస్తడు" అని అందరికీ నచ్చజెప్పింది. ఫయాజ్ తల అడ్డంగా ఊపాడు. "కార్డున్నోడికి జాగ ఉంటది రేణుకా. జాగ మనది గాదు." అయినా ఆమె బలవంతం మీద వస్తానన్నాడు.

కార్డుల కోసం ఎంపిక పరీక్ష సంస్థ కార్యాలయంలో జరిగింది. కమిటీలో ముగ్గురున్నారు: సదాశివం గారు, ఫ్లైఓవర్ల శాఖ నుంచి ఒక ఇంజనీరు, ఎందుకు పిలిచారో తనకే తెలియని ఒక పెద్దమనిషి. రేణుక తన ప్రతిని ముందే పంపింది గనుక చదవమన్నారు, చదివింది, బాగుందన్నారు. ఆ గదిలో ఎవరూ "సద్ది" అని అరవలేదు. అరవకపోవడమే ఆమెకు సిగ్గుగా అనిపించింది.

తర్వాత ఫయాజ్‌ను పిలిచారు. ప్రతి ఏదని అడిగారు. తేలేదన్నాడు. "అయితే ఏం వినిపిస్తావు?" అని సదాశివం గారు గద్దించారు. ఫయాజ్ ఆ గదిని ఒకసారి కలియజూసి బల్ల మీద వేళ్ళతో దరువేశాడు.

"ముగ్గురు కూసున్నరు మూడు కుర్చీలల్ల,
ముందున్న చాయ్ సల్లారె, ఈగ పడె కప్పుల్ల,
ఈగ గూడ ఆశువుగనే పడ్డది గద సారూ,
ప్రతి ముందుగాల పంపిందా మీ ఆఫీసుల్ల?"

ఇంజనీరు పకపకా నవ్వి, నవ్వినందుకు దగ్గు నటించాడు. ఎందుకు వచ్చాడో తెలియని పెద్దమనిషి తన కప్పులోకి తొంగి చూశాడు. ఈగ ఉంది. సదాశివం గారు మాత్రం చలించలేదు. "అభ్యర్థి ఎటువంటి ముందస్తు సమాచారం లేకుండా, అక్కడికక్కడే, ఆశువుగా పలికినందున ఆశు కవిత్వానికి అనర్హుడు" అని తేల్చారు.

బయటికి వచ్చాక ఫయాజ్ నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడే గుమాస్తా వచ్చి రేణుక మెడలో కార్డు వేశాడు. ఆమె దాన్ని తీసేయలేదు. తీసేస్తుందేమోనని ఫయాజ్ ఒక్క క్షణం చూశాడు, ఆ తర్వాత నవ్వడం మానేసి బండి ఎక్కి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కార్డున్నవాళ్ళు, లేనివాళ్ళు ఒకచోట చేరడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి పిల్లర్ కింద కూడా ఇక కలిసే వీలు లేదు. ఆమె తిట్టుకు ఎదురు లేకుండా పోయింది.

ఎదురు లేకపోతే పోటీ జరగదన్న విషయం సంస్థ దృష్టికి రాకపోలేదు. గుర్తింపు పొందినవారిలో రేణుకకు సరితూగే ప్రత్యర్థి లేనందున, ఉద్యానవన శాఖ నుంచి పరాంకుశం అనే జూనియర్ అసిస్టెంటును డెప్యుటేషన్ మీద రప్పించి, ఆమెకు ప్రత్యర్థిగా నియమించారు. పదోన్నతికి ఎదురుచూసి ఎదురుచూసి జుట్టు నెరిసిన మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగడు.

మొదటిరోజు సాధనకు ఆయన టిఫిన్ బాక్సుతో వచ్చి, రేణుకకు నమస్కారం పెట్టాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి, మిమ్మల్ని తిట్టమని ఆర్డరు వచ్చింది" అన్నాడు.

"తిట్టున్రి సార్."

పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. "తమరి ప్రాస ఆశించిన స్థాయిలో లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాను." అని ఆగి, "మరీ ఎక్కువైందా అమ్మా?" అని అడిగాడు.

రేణుకకు నవ్వు రావలసింది, ఏడుపు వచ్చింది. ఆయనను తిరిగి ఏమనగలదు? ఆయన అప్పటికే తనను తాను రోజంతా తిట్టుకుంటున్నట్టు కనిపిస్తాడు. మధ్యాహ్నం తన డబ్బాలోని పులిహోర ఆమెకు సగం పెట్టాడు. అంత మంచివాడిని శత్రువుగా పెట్టుకుని ఏ కళాకారిణి బాగుపడుతుంది?

అంతలో మూడో పిల్లర్‌ను 'రక్షిత హిప్ హాప్ స్థలం'గా ప్రకటించారు. చుట్టూ ఎత్తయిన ఇనుప కంచె లేచింది. లోపల గడ్డి పరిచి, 'గడ్డి మీద నడవరాదు, శబ్దం చేయరాదు' అని బోర్డు పెట్టి, గేటుకు తాళం వేసి కావలివాణ్ణి కూర్చోబెట్టారు. కార్డు చూపి లోపలికి వెళ్ళబోయిన రేణుకను కూడా ఆపేశారు. అది రక్షిత స్థలమనీ, హిప్ హాప్ వల్ల దానికి నష్టం జరగకూడదనీ సదాశివం గారు వివరించారు. "మీ కళకు ఏసీ ఆడిటోరియం ఇస్తున్నాం కదమ్మా. ఇంకా ఆ పిల్లర్ కింద ఎందుకు?" అన్నారు.

ఆడిటోరియంలో నగర హిప్ హాప్ మహోత్సవం ఏర్పాటైంది. పెద్దాయనే ముఖ్య అతిథి. రేణుక తన ప్రత్యర్థిని ఉద్దేశించి నాలుగు పాదాలు రాసి పంపమన్నారు. పరాంకుశాన్ని తిట్టడానికి ఆమెకు మనసు రాక, ఆయన కూర్చునే ఆఫీసును తిట్టింది.

"నీ కుర్చీకి చెద పట్టింది,
నీ ఫైలుకి దుమ్ము పట్టింది,
నీ సంతకం కోసం తిరిగి తిరిగి
నా చెప్పుకు చిల్లు పడింది."

ఆశు కవిత్వ ముందస్తు పరిశీలన కమిటీ దాన్ని మూడు సమావేశాల్లో చర్చించి ఆమోదించింది. తిరిగి వచ్చిన ప్రతిలో ఆమె రాసింది కొంచెం, సదాశివం గారు పక్కన రాసింది ఎక్కువ. ఆమె చూసుకుని నిట్టూర్చింది. తన నాలుగు పాదాల్లో ఏది మిగిలిందో, ఏది పోయిందో తెలియడం లేదు. ఇక ఏ పాదమూ చెప్పకుండా వచ్చేద్దామనుకుంది.

తెర వెనక పరాంకుశం ఎదురొచ్చాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. ఆమోదించిన ప్రతి ఎట్లా ఉందో అట్లాగే అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. పక్కన సార్ రాసింది కూడా ఆమోదంలో భాగమే. ఒక్క మాట తప్పినా నా సర్వీసుకు దెబ్బ."

రేణుక ఆయన ముఖంలోకి చూసింది, ప్రతిలోకి చూసింది. "అట్లనా సార్? అయితే అంత చెప్త" అని వేదిక మీదికి నడిచింది.

ఆడిటోరియం నిండా బస్సుల్లో తెచ్చిన కాలేజీ పిల్లలు ఆవులిస్తున్నారు. ముందు వరుసలో పెద్దాయన. ఆయన పక్కన సదాశివం గారు, చేతులు కట్టుకుని. లింగాన్ని 'తాళవాద్య సహాయకుడు'గా తీసుకుని నీళ్ళ డబ్బా బదులు మెరిసే డ్రమ్ము ఇచ్చారు. అతను బిక్కుబిక్కుమంటూ దరువు మొదలుపెట్టాడు.

"తమరి కుర్చీకి చెద పట్టింది, అభ్యంతరం తెలపడమైనది!
చెదపై ఫర్నిచర్ విభాగం వారి వివరణ కోరడమైనది!
తమరి ఫైలుకి దుమ్ము పట్టింది, దుమ్మును తొలగించడమైనది!
తొలగించిన దుమ్ము ఏ శాఖదో పరిశీలనకు పంపడమైనది!
పంపినది తిరిగి వచ్చినది, వచ్చినది మరల పంపడమైనది!
చెప్పు అనుచితమైనది, పాదరక్షగా మార్చడమైనది!
చిల్లు ఎటుల పడినదో తెలుపమని తాఖీదు ఇవ్వడమైనది!"

సర్కారు తెలుగుకు పుట్టుకతోనే ప్రాస ఉందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. ఒక్క మాట కూడా తాను కల్పించలేదు. మూడో పాదానికి పిల్లలు కుర్చీల్లోంచి లేచారు. ఐదో పాదానికి 'డమైనది' అన్నప్పుడల్లా ఆడిటోరియం మొత్తం గొంతు కలిపింది. లింగం డ్రమ్మును పగలగొట్టేంత పని చేశాడు. ఇప్పుడు తన్ని తగలేస్తారనుకుంటూ, తగలేసినా పర్వాలేదనుకుంటూ, రేణుక చివరి పాదం పెద్దాయన ముఖం మీదే విసిరింది.

పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. విదేశంలో చూసిన ఊపు ఇదే. "అద్భుతం! ఇది ఎవరు రాశారు?" అని అడిగారు.

సదాశివం గారు నెమ్మదిగా లేచారు. "నాలుగు మాటలు మినహా, నేనే సార్" అన్నారు వినయంగా.

ఫైలు తెప్పించి చూశారు. నిజమే. ఆ సంవత్సరపు ఉత్తమ ర్యాపర్ పురస్కారం సంచాలకులు శ్రీ సదాశివం గారికి దక్కింది. కిరీటం లాంటిదేదో పెట్టారు, మెడలో బంగారు రంగు గొలుసు వేశారు. ఆయన కన్నీళ్ళు తుడుచుకుంటూ, తనలో ఇంత కళ ఉందని మత్స్యశాఖ ఏనాడూ గుర్తించలేదని చెప్పారు. రేణుకకు శాలువా కప్పారు.

శాలువాతో ఆమె ఆటో ఎక్కింది. జనం చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి గానీ ఏదో వెలితి. ఎంత గట్టిగా తిట్టింది! తిట్టు తిన్నవాళ్ళు పొంగిపోయి బహుమతి పట్టుకుపోయారు. తిట్టు తిన్నవాడు తిరిగి తిట్టకపోతే అది తిట్టు కాదు, ఉపన్యాసం. ఈ వేళ ఫయాజ్ ఎదురుగా ఉంటే రెండో పాదానికే తన పీక పట్టుకునేవాడు. సద్ది అనేవాడు. ఆ మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుంది.

ఆదివారం సాయంత్రం కాళ్ళు ఆగక ఆమె మూడో పిల్లర్ దగ్గరికి వెళ్ళింది. కంచె ఉంది, గడ్డి ఉంది, కావలివాడున్నాడు. గేటు ముందు ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని గడియ సరిచేస్తున్నాడు. వెనకనుంచే గుర్తుపట్టింది.

"ఫయాజ్."

అతను తల తిప్పలేదు. "గడియ వంగిందంట. పిల్శిన్రు" అన్నాడు.

"నిన్నెందుకు పిల్శిన్రు?"

"కంచె జేశింది నేనే గద."

టెండరు దక్కించుకున్నవాడు ఇంకొకడికి, అతను మరొకడికి అప్పగించుకుంటూ పోగా, కంచె పని చివరికి ఫయాజ్ షాపుకే చేరిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నేను కార్డు ఏస్కుంటె ముఖం తిప్పుకున్నవ్. నువ్వేం జేశినవ్ మరి? కంచె కట్టినవ్!"

ఫయాజ్ సుత్తి కింద పడేసి లేచాడు. "నేను కూలి పని జేశిన. నువ్వు శాలువ కప్పిచ్చుకున్నవ్. స్టేజి ఎక్కి సద్ది వడ్డిచ్చినవ్, ఫోన్ల జూశిన!"

గొంతులు పెరిగాయి. పక్కనున్న బస్టాపులో నిలబడ్డ జనం ఒక్కొక్కరే తిరిగారు. ఆ జనంలో లింగం కూడా ఉన్నాడు. పిల్లర్‌ను ఊరికే చూసిపోదామని అతనూ వచ్చాడట. ఇద్దరి గొంతులూ విని ఆగలేక బస్టాపు రేకు మీద చేయి వేశాడు. ధడ్ ధడ ధడ్. ఫయాజ్ మాట దానంతటదే దరువులో పడింది.

"కార్డు మెడలేసుకొని కచ్చేరి జేశినవ్,
సద్ది మాటల గిన్నె సర్కారుకు పెట్టినవ్,
ఈ కంచె నేనే అతికిన, ఊచ ఊచకు నా చెమట,
ఏసీలకు పొయ్యింది నువ్వు, బయటుంది మన ముచ్చట!"

కావలివాడు ఫోన్ చేసినట్టున్నాడు, గట్టయ్య విజిల్ ఊదుకుంటూ వచ్చాడు. "ఏందిది? పాటనా, కొట్లాటనా? పాటైతె పర్మిషన్ సూపియ్యున్రి!"

రేణుక, ఫయాజ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి ఆ చివరి నిబంధన గుర్తొచ్చింది.

"కొట్లాట సార్" అన్నాడు ఫయాజ్.

"నిజమైన కొట్లాటనేనా?"

"నిజమైందే సార్" అంది రేణుక. అబద్ధం చెప్పవలసిన అవసరం లేకుండా పోయింది. "గీ కార్డులు ఇయ్యాలని పరీచ్చ పెట్టిన్రు సూడున్రి, గా దినం సంది లోపట్నే ఉన్నది."

గట్టయ్య కావలివాడి వైపు తిరిగాడు. "నిజమైందంట. ఇది మా డిపార్ట్‌మెంటుకొస్తది. మీ ఆఫీసుకు ఏం సంబంధం లేదు, పొయ్యి గడ్డి కాసుకో." తర్వాత వీళ్ళతో, "దెబ్బలు తగలకుంట కానియ్యున్రి" అని పాన్ డబ్బా దగ్గర తన పాత చోట్లో చేరగిలబడ్డాడు. విజిల్ జేబులో పెట్టుకున్నాడు.

రేణుక రెండడుగులు ముందుకు వేసింది. ఏం చెప్పబోతుందో ఆమెకే తెలియదు. దానికి బాధ్యత ఎవరు వహిస్తారో అసలే తెలియదు.

"ఊచకు ఊచ అతికినవ్, మంచిగనే కట్టినవ్,
అతికెటప్పుడు ఒక్క మాట నాకెందుకు చెప్పలే?
కార్డు నేను దీస్కున్న, కూలి నువ్వు దీస్కున్నవ్,
ఇద్దరం గల్సి తాళమేసినం, ఎవ్వలం తప్పించుకోలే!"

బస్టాపు మొత్తం చేతులెత్తింది. కూరగాయల సంచులు ఉన్న చేతులు, కండక్టర్ల చేతులు, పిల్లల్ని ఎత్తుకున్న చేతులు. ఫయాజ్ కళ్ళు తుడుచుకుని, "వేడిది" అన్నాడు. "కాలింది" అని నవ్వాడు. రేణుకకు ఏ శాలువా ఇవ్వని సంతోషం అది.

మరుసటి వారం నుంచి ఆ బస్టాపులో నగర ప్రజల తగాదాలు విపరీతంగా పెరిగిపోయాయి. ప్రతి ఆదివారం పాతవాళ్ళంతా వచ్చేవారు. దోస్తులు దోస్తులతో, అన్నదమ్ములు అన్నదమ్ములతో, ఒకసారి అత్తాకోడళ్ళు కూడా దరువుకు తగ్గట్టు కొట్లాడుకున్నారు. గట్టయ్య ప్రతి ఒక్కరినీ నిజమైనదేనా అని అడిగి, అవునంటే వదిలేసేవాడు. అబద్ధమాడేవారు ఎవరూ కనిపించలేదు. ఈ ఊళ్ళో ఎవరిని కదిపినా ఒకటో రెండో నిజమైనవి దొరుకుతున్నాయి.

ఒక సాయంత్రం ప్రభుత్వ వాహనం వచ్చి ఆగింది. సదాశివం గారు దిగారు, మెడలో బంగారు రంగు గొలుసుతో. వెనకాల గొడుగు పట్టుకుని పరాంకుశం. ఆపించడానికి వచ్చారనుకుని అందరూ బిగుసుకుపోయారు. కానీ సదాశివం గారు రేణుక దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, ఉత్తమ ర్యాపర్‌ని, నేనూ ఇక్కడ ఒకసారి..." అని నసిగారు.

"రూల్ ఉన్నది గద సార్" అంది రేణుక. "నిజమైన తగాద ఉంటెనే. మీకెవ్వరితోనన్న ఉన్నదా సార్?"

సదాశివం గారు వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నారు. "లేదే. నాకు ఎవరితోనూ ఎటువంటి విభేదాలూ లేవు. నా సర్వీసులో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు" అని దిగులుగా చెప్పారు.

పరాంకుశం గొడుగు ముడిచాడు. దాన్ని జాగ్రత్తగా కారుకు ఆనించాడు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని గుంపు మధ్యలోకి నడిచాడు.

"నాకుంది సార్" అన్నాడు.

లింగం రేకు మీద చేయి వేశాడు. గట్టయ్య ఏమీ అడగలేదు, ఆ ముఖం చూస్తే అడగవలసిన పని కనిపించలేదు. ఫయాజ్ పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఏమీ అనుకోకండి సార్" అని పరాంకుశం అలవాటుగా మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆఖరి బస్సు వెళ్ళిపోయేదాకా ఎక్కడా ఆగలేదు.